మిల్లు ఆగిన ఇరవై సెకన్లు

టేపులు కోసి అతికించే గది ఆ భవనంలో మూడో అంతస్తు చివర ఉంది. దానికి కిటికీ లేదు. రెండు టేపు మిషన్లు, ఒక ఇనప బల్ల, ఒక కుర్చీ, అంతే. పెళ్లై ఐదు వారాలైన జంటకి ఒకే కుర్చీ ఉండడం పెద్ద కష్టమేమీ కాదని ఆ అంతస్తులో అందరికీ తెలుసు. అందుకే ఈమధ్య తలుపు కొట్టి, ఆ తర్వాత కాస్త దగ్గి గానీ ఎవరూ లోపలికి రావడం లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం కొత్త పెళ్లికొడుకు పెద్దమనిషిలా కుర్చీ భార్యకి ఇచ్చేసి, తను ఖాళీ రీళ్ల చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. రెండు పెద్ద గ్లాసుల్లో టీ తెప్పించాడు. నాలుగు బిస్కెట్లు సాసర్లో పువ్వులా పేర్చాడు. ఆ పూట గడ్డం కూడా గీసుకొచ్చాడు.

"కళ్లు మూసుకో."

"మూసుకుంటే బిస్కెట్లెలా కనపడతాయి?"

"నోరు తెరిస్తే నేను పెడతాగా."

"ఎవరైనా వస్తే?"

"దగ్గుతారులే."

ఆమె నవ్వి కళ్లు మూసుకుంది. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రాలు ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండులో ఆర్గన్ వాయించే మనిషి ఆమె. బ్యాండులో అందరికీ టీచరమ్మ. ఆ బ్యాండుకి పెద్ద ఆమె అన్నయ్య. గిటారు వాయిస్తాడు, పాడతాడు. డ్రమ్ముల మీద కూర్చునే కుర్రాడిని పిడుగు అంటారు. బేస్ గిటారు వాయించేవాడు మునీశ్వరుడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆరోజు అతనికి జ్వరమేమోనని చూసేవాళ్లు. మూడు నిమిషాల్లో అయిపోయే పాటంటే ఈ నలుగురికీ నామోషీ. వాళ్ల మొదటి ఆల్బం వచ్చి, పోయింది. ఇది రెండోది. దీంట్లో రికార్డుకి ఒక పక్కంతా ఒకే పాట, పంతొమ్మిది నిమిషాలు. దాన్ని కట్టింది టీచరమ్మ.

రికార్డింగు కింద పెద్ద హాల్లో ఇంకో ఇంజనీరు చేస్తాడు. అయిన రీళ్లు పైకి ఈ గదికి వస్తాయి. వాటిని కాగితం మీద రాసి ఉన్నట్టు కోసి, అతికించి, రికార్డుల ఫ్యాక్టరీకి పంపడం ఆమె మొగుడి పని. అతన్ని కత్తెర అంటారు. అతను కత్తెర ముట్టడు, బ్లేడుతోనే కోస్తాడు. అయినా పేరు కత్తెరే. బడిలో పరీక్షలుండడంతో మూడు రోజులుగా టీచరమ్మ స్టూడియోకి రాలేదు, ఇవాళ ఒంటిపూట బడి కాబట్టి వచ్చింది. ఈలోగా రెండు పక్కలూ పూర్తిచేసి, మొట్టమొదట తనకే వినిపించాలని అతను ఇంట్లో కూడా నోరు విప్పకుండా దాచిపెట్టాడు. సాయంత్రం ఐదింటికి రీళ్లు వ్యానెక్కుతాయి.

పాట మొదలైంది. టీచరమ్మ ఒళ్లు పులకరించింది. ఆర్గన్ కింది స్వరాలు చెక్క నేల మీంచి పాదాల్లోకి వస్తున్నాయి. ఏడేసి దెబ్బలు, ఏడేసి దెబ్బలు, కుంటుకుంటూ పరిగెత్తే మగ్గంలాగా. పిడుగు ఎంత బాగా వాయించాడు! బిస్కెట్ నోట్లోకి వచ్చింది. ఆమె దాన్ని నమలకుండా ఉంచుకుంది, చప్పుడవుతుందని. తొమ్మిదో నిమిషం. పదో నిమిషం. వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఇప్పుడు వస్తుంది. పదకొండో నిమిషంలో అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ తర్వాత ఇరవై ఎనిమిది లెక్కల పాటు ఏమీ ఉండదు. టీచరమ్మ చెప్పులో బొటనవేలు ఎత్తింది, లెక్కపెట్టడానికి.

ఆగింది. ఒక...

ఢామ్మని నాలుగు వాయిద్యాలూ ఆమె నెత్తిన పడ్డాయి.

బిస్కెట్ పొడి గొంతుకి అడ్డం పడింది. దగ్గుతూనే చెయ్యి చాపి మిషను ఆపేసింది.

"ఏమైంది?" కత్తెర కంగారుగా లేచాడు. "నీళ్లు తాగు, నీళ్లు."

"ఏదీ?"

"ఇదిగో, గ్లాసు..."

"నీళ్లు కాదు. అక్కడ ఉండాల్సింది ఏదీ?"

"అక్కడేముంది? ఖాళీయేగా. ఇరవై సెకన్ల ఖాళీ టేపు. మీరు నీళ్లు తాగడానికి ఆగారేమో అనుకున్నా."

టీచరమ్మ అతని మొహంలోకి చూసింది. బడిలో ఆఖరి బెంచీవాళ్లు ఆ చూపు చూసే నోట్‌బుక్కులు తీస్తారు.

"నీళ్లు తాగడానికా? నలుగురం చీకట్లో, దీపాలార్పేసుకుని, ఒకళ్ల వైపు ఒకళ్లు చూడకుండా, తల ఊపకుండా, ఇరవై ఎనిమిది లెక్క మనసులో పెట్టుకుని ఒక్కసారి పడాలి. మూడు సాయంత్రాలు పట్టింది. ముప్పై ఏడు సార్లు తప్పాం. ముప్పై ఎనిమిదోసారి నలుగురం ఒక్కటై పడితే పిడుగు ఏడ్చాడు. మీరు దాన్ని నీళ్లు తాగడమంటారా?"

'మీరు' అంది. ఐదు వారాల్లో ఆమె అతన్ని నువ్వు అనే పిలిచింది. ఆ మాటకి కత్తెర నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నాకెలా తెలుస్తుంది? నువ్వెప్పుడైనా చెప్పావా? పాట గురించి అంత మాట్లాడావు, నిద్దట్లో కూడా ఏడేడు లెక్కపెట్టావు, దీని గురించి ఒక్క ముక్క..."

చెప్పలేదు. నిజమే. ఆ చోటుకి వచ్చినప్పుడు అతని మొహం ఎలా మారుతుందో చూడాలని, ఆ ఒక్క సంగతీ కావాలనే దాచుకుంది. ఆమె అతని కోసం దాచింది, అతను ఆమె కోసం దాచాడు, ఇద్దరి దాపరికాలూ కలిసి పాట నడుం విరగ్గొట్టాయి. ఆ సంగతి తట్టేసరికి ఆమెకి తన మీద కూడా కోపం వచ్చింది. అది కూడా అతని ఖాతాలోనే వేసింది.

"తెలీకపోతే అడగాలి. ఖాళీ కనపడితే కోసెయ్యడమేనా?"

"నా అంతట నేను కొయ్యలేదు." అతను బల్ల సొరుగులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. రికార్డుల కంపెనీ కాగితం. ఒకటో పక్క, పదకొండో నిమిషం, ఖాళీ తీసెయ్యాలి. కింద మేనేజరు సంతకం. దాని పక్కన బ్యాండు తరఫున ఇంకో సంతకం. చివర తోక పైకి తిరిగి ఉంది. చిన్నప్పుడు ఆమె ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్నకి బదులు అన్నయ్య దొంగ సంతకం పెట్టినప్పుడు కూడా ఆ తోక అలాగే తిరిగేది.

"అన్నయ్యా!" అంది, ఎదురుగా ఉన్నట్టే.

"బావ సంతకం ఉంది కదా అని, మీ అందరికీ తెలిసే అనుకున్నా."

"ముక్క ఎక్కడుంది? చెత్తబుట్టలోనా?"

ఈ ప్రశ్న వచ్చేసరికి అతని మొహంలో కాస్త వెలుగు వచ్చింది, పాపం. "పారెయ్యలేదు! ఎలా పారేస్తాను? వట్టి ఖాళీ టేపు కాదది. ఆ హాలు గాలి ఉంది దాంట్లో. మీరు ఊపిరి తీస్తున్నట్టు ఉంది. రెండో పక్కన ఆరు చిన్న పాటలున్నాయి కదా, పాటకీ పాటకీ మధ్య మామూలుగా తెల్ల కాగితం టేపు అతికిస్తాం. అప్పుడు పాటవగానే గుంటలో పడ్డట్టుంటుంది. అందుకని దీన్ని నాలుగేసి సెకన్ల చొప్పున ఐదు ముక్కలు చేసి, ఆ ఐదు చోట్లా..."

"ఐదు ముక్కలు చేశారా!"

"దాచాను."

"ఖైమా కొట్టి దాచారు!"

ఆమె కాగితం లాక్కుని, తలుపు దబాలున తీసి బయటికి నడిచింది. తలుపు అవతల దగ్గడానికి సిద్ధంగా నిలబడ్డ గుమాస్తా గోడకి అంటుకుపోయి దారిచ్చాడు.

*

కింద క్యాంటీన్లో అన్నయ్య, పిడుగు, మునీశ్వరుడు కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నారు. ఆల్బం పూర్తయిన ఆనందంలో అన్నయ్య చెంచాలతో గ్లాసుల మీద ఏదో వాయిస్తున్నాడు. టీచరమ్మ కాగితాన్ని గ్లాసుల మధ్య పరిచింది.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

అన్నయ్య చూశాడు. చెంచాలు కింద పెట్టాడు. "కూర్చో చెల్లీ. టీ చెప్పనా?"

"టీ అయింది. ఇది చెప్పు."

"ఇక్కడ కాదు."

"ఇక్కడే. వీళ్లక్కూడా హక్కుంది." కాగితం పిడుగు వైపు తోసింది. పిడుగు చదివాడు. ఆ కుర్రాడికి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"అన్నా, ఏంటిది? నాకు చేతులు బొబ్బలెక్కాయి ఆ మూడు రోజులూ!"

"అరవకురా. మేనేజరు ఏమన్నాడో మీకు తెలీదు." అన్నయ్య గొంతు తగ్గించాడు. "పాట మధ్యలో ఆగితే జనం రికార్డు పాడైందనుకుంటారట. కొన్నవాళ్లంతా దుకాణానికి తిరిగి తెచ్చిచ్చేస్తారట. దుకాణం వాళ్లు కంపెనీకి తిరగ్గొడతారట. మొదటి ఆల్బం ఎలా పోయిందో చూశాం కదా. ఇదీ పోతే మూడోది లేదు. మొహం మీదే చెప్పాడు. ఇరవై సెకన్ల కోసం బ్యాండుని బలిపెట్టమంటావా?"

"ఇవాళ ఇరవై సెకన్లు ఇస్తే రేపు ఇరవై నిమిషాలు అడుగుతాడు."

"అడిగినప్పుడు చూద్దాం."

"అప్పుడు కూడా నువ్వే సంతకం పెడతావు, తోక తిప్పి."

"మాటలు జాగ్రత్త. నీకంటే ఏడేళ్లు పెద్దవాణ్ని."

"పెద్దవాడివి కాబట్టే ముందు మోసం చేశావు!"

క్యాంటీన్లో అందరూ తినడం ఆపి చూస్తున్నారు. టీచరమ్మ లక్ష్యపెట్టలేదు. ఏడుపు వస్తుందేమోనని భయపడి ఇంకా గట్టిగా మాట్లాడింది.

"ఆ పాట ఎందుకు అక్కడ ఆగుతుందో వీళ్లకి తెలీదు. నీకు తెలుసు. నాన్న మిల్లులో నాలుగు వందల మగ్గాల మధ్య పదకొండేళ్లు పనిచేశాడు. పక్కవాడితో సైగలే తప్ప మాట లేదు. ఒకరోజు కరెంటు పోయి నాలుగు వందలూ ఒక్కసారి ఆగిపోయాయి. 'పక్కవాడి ఊపిరి వినపడిందిరా నాకు, వాడికి ఆయాసం ఉందని అంతదాకా తెలీనే తెలీదు' అని ఇంటికొచ్చి చెప్పాడు. అన్నం ముందు కూర్చుని కూడా అదే చెప్పాడు. మనిద్దరం ఒకే మంచం మీద కూర్చుని విన్నాం. ఆ పూట నువ్వు నాన్న గుండె మీద చెవి పెట్టి విన్నావు. నేను కాదు, నువ్వు!"

అన్నయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికి సైకిళ్ల స్టాండు తప్ప ఏమీ లేదు.

"కాగితం ఖరారైపోయింది," అన్నాడు చివరికి. "సంతకం పడింది. నాలుగున్నరకి మేనేజరు వచ్చి వింటాడు. ఐదింటికి వ్యాను. ఇవాళ తప్పితే ఫ్యాక్టరీలో మన వంతు మళ్లీ రెండు నెలలకి. ఇంక వదిలెయ్."

"నేను వదలను," అంది టీచరమ్మ. "నువ్వు పోయి మేనేజరుకి చెప్పుకో."

ఆమె వెనకాలే పిడుగు లేచాడు. మునీశ్వరుడు టీ చివరి గుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి, అతనూ లేచాడు. బల్ల దగ్గర అన్నయ్య ఒక్కడే మిగిలాడు.

*

పైకి వచ్చేసరికి కత్తెర రెండో పక్క రీలు మిషన్ మీద పెట్టి, మొదటి ముక్కని అప్పటికే వలిచేశాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. టీ చల్లారి మీగడ కట్టింది. ఆమె గుమ్మంలో నిలబడితే తల ఎత్తకుండానే అన్నాడు.

"నేను అడగాల్సింది. అడగలేదు. తిట్టాలంటే తర్వాత తిట్టు, ముందు ఇది అతికిద్దాం. ఇంకా రెండు గంటలుంది."

"ఎవరన్నా అడిగితే ఏం చెబుతారు? మీ ఉద్యోగం?"

"అదీ తర్వాతే."

ఇంకా మీరే. కానీ ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

టేపు ముక్కల్ని కలిపే అతుకు బిళ్లని గోటితో లేపి, టేపు తెగకుండా వలవడం ఓపికతో కూడిన పని. బ్లేడుతో ఏటవాలుగా కోసిన చోట్లు వేలికి తెలుస్తాయి, కంటికి సరిగా తెలియవు. ఐదు ముక్కలూ వచ్చాక కత్తెర వాటిని బల్ల అంచుకి వరసగా అతికించి వేలాడదీశాడు. ఒక్కొక్కటీ గజంన్నర పైమాటే, అన్నీ ఒకే గోధుమ రంగు. పాటల మధ్య ఏర్పడ్డ ఖాళీల్లో తెల్ల కాగితం టేపు పెట్టేశాడు. రెండో పక్కని గుంటల్లో పడనీ, అనుకుంది టీచరమ్మ.

"ఏది ముందు, ఏది వెనక?" అడిగింది.

కత్తెర మింగుడుపడని మొహం పెట్టాడు. "గుర్తులు పెట్టలేదు. ఖాళీయే కదా, ఏదైతేనేం అనుకుని, చేతికొచ్చింది చేతికొచ్చినట్టు..."

"దేవుడా."

"తిట్టు తర్వాత అన్నావుగా."

"నేననలేదు, నువ్వన్నావు!" 'నువ్వు' అన్న మాట నోరు జారి వచ్చేసింది. ఇద్దరూ విన్నారు. అతని చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. గోడకి జారబడిన పిడుగు ఇంకెక్కడా చూడలేక పైకప్పు వైపు చూశాడు.

ఒక్కో ముక్కా మిషన్‌కి ఎక్కించి, చప్పుడు ఆఖరిదాకా పెంచి విన్నారు. మామూలుగా వింటే ఏమీ లేదు. పెంచితే గాలి గరగర, గోడల అవతల ఎక్కడో నీళ్ల పైపు. ఒక ముక్కలో డ్రమ్ముల మీది ఇత్తడి తాళం చప్పుడు సన్నగా కరిగిపోతోంది.

"అది మొదటిది," అన్నాడు పిడుగు. "నేను కొట్టిన ఆఖరి దెబ్బ మోత."

ఇంకోదాంట్లో చివర్న చొక్కా చెయ్యి రాపిడి, ముక్కుతో ఊపిరి పీల్చిన శబ్దం. "అదీ నేనే. కర్ర ఎత్తుతున్నా. అది ఐదోది. నా ముక్కు అంత చప్పుడు చేస్తుందా?"

"చేస్తుంది," అన్నారు మొగుడూ పెళ్లాం ఒకేసారి.

మూడు ముక్కలు మిగిలాయి. ఒకదాంట్లో కిర్రుమంది. టీచరమ్మ వెంటనే చెయ్యి ఎత్తింది. "నా పెడలు. రెండో ఏడు అయిపోతుంటే పాదం తీశా. పద్నాలుగో లెక్క. ఇరవై ఎనిమిది లెక్కలకి ఇరవై సెకన్లైతే, పద్నాలుగంటే పదో సెకను. అది మూడో ముక్క."

ఇంకోదాంట్లో ఏమీ లేదు, వట్టి గాలి. చివరిదాంట్లో గుర్రుమని ఏదో వినపడింది. బావిలోకి బకెట్ వదిలినట్టు, దీర్ఘంగా, మెలికలు తిరిగి.

"ఏంటది?" అన్నాడు కత్తెర. "మిషనా?"

మళ్లీ వేశాడు. మళ్లీ గుర్రుమంది. ఎవరికీ పాలుపోలేదు. రెండో ముక్కో నాలుగో ముక్కో తేలితే గానీ అతకడం కుదరదు. మూడున్నరైంది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే తలుపు దగ్గర్నుంచి గొంతు వినపడింది.

"పద్దెనిమిది."

మునీశ్వరుడు. అందరూ తిరిగి చూశారు.

"పద్దెనిమిదో లెక్కలో," అన్నాడు మునీశ్వరుడు నేల చూపులు చూస్తూ. "నా కడుపు. పొద్దున్నుంచీ తినలేదు. అప్పట్నుంచీ సిగ్గుపడుతూనే ఉన్నా."

పిడుగు గోడకి జారి నేల మీద కూలబడి నవ్వాడు. కత్తెర బ్లేడు పక్కన పెట్టి నవ్వాడు, చెయ్యి కోసుకుంటానేమోనని. టీచరమ్మ నవ్వకూడదనుకుంది. ఆమె ఇంకా కోపంగానే ఉంది. అయినా నవ్వొచ్చింది. నవ్వుతూనే లెక్క కట్టింది: పద్దెనిమిది అంటే పన్నెండు దాటిన సెకను. నాలుగో ముక్క.

నాలుగూ పదికి అతుకు పూర్తయింది. ఒకటో పక్క రీలులో పదకొండో నిమిషం దగ్గర ఆరు అతుకు బిళ్లలు, చినిగిన చొక్కాకి కుట్లు వేసినట్టు.

*

నాలుగున్నరకి మేనేజరు వచ్చాడు. బొద్దుగా, శుభ్రంగా ఉంటాడు. చేతిలో టీ గ్లాసు, చంకలో వ్యాను కాగితాలు. వెనకాల అన్నయ్య. గదిలో ఐదుగురు అప్పటికే ఇరుక్కుని ఉన్నట్టనిపించి మేనేజరు లెక్కపెట్టాడు, నలుగురే తేలారు.

"ఏంటమ్మా, ఊరేగింపా? అందరూ ఇక్కడే ఉన్నారు. కానియ్యవయ్యా కత్తెరా, ఒకటో పక్క ఓసారి వింటే సంతకం పెట్టేస్తా."

కుర్చీ ఆయనకిచ్చారు. పాట మొదలైంది. మేనేజరు టీ తాగుతూ, కాలు ఊపుతూ విన్నాడు. ఏడు దెబ్బల లెక్క ఆయన కాలికి అందక, రెండు నిమిషాల్లో ఊపడం మానేశాడు. టీచరమ్మ అన్నయ్య వైపు చూడలేదు. అతను ఎక్కడున్నాడో మాత్రం వీపుకి తెలుస్తోంది. తలుపు పక్కన. చేతులు కట్టుకుని.

పదకొండో నిమిషం. ఆగింది.

అన్నయ్య గోడ నుంచి విడివడిన చప్పుడుకి ఆమె తిరిగి చూసింది. అతనికి తెలిసిపోయింది. ఇప్పుడు చెప్పేస్తాడు, అనుకుంది. చెప్పు. అందరి ముందూ చెప్పు.

ఐదు. ఆరు. ఏడు. మేనేజరు కనుబొమ్మలు పైకి లేచాయి. కత్తెర వైపు చూశాడు. కత్తెర రీలు వైపే చూస్తున్నాడు. పది. పదకొండు. "ఆగిపోయిందా ఏంటి," అని గొణుగుతూ మేనేజరు ముందుకి వంగి మిషన్ మీటకి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి మీట దాకా వెళ్లలేదు. అన్నయ్య రెండడుగుల్లో వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు, అంతే. మేనేజరు నోరు తెరిచాడు. అన్నయ్య ఇంకో చెయ్యి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. పద్నాలుగు. పదిహేను.

గదిలో ఆరుగురి ఊపిరీ వినపడింది. మేనేజరుది కాస్త పిల్లికూతలా ఉంది.

ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

ఢామ్మని పడ్డాయి నాలుగూ.

మేనేజరు కుర్చీలో జానెడు ఎగిరాడు. టీ మొత్తం తెల్ల చొక్కా మీద ఒలికింది. "అమ్మో!" అన్నాడు. ఆ తర్వాత మిషను ఆపించి ఆయన అన్న మాటలు చాలా ఉన్నాయి. సంతకం అంటే లెక్కలేదా? కంపెనీ అంటే ఆటగా ఉందా? రేపు ఎవరికైనా గుండె ఆగితే ఎవరు సమాధానం చెబుతారు?

"తియ్యి," అన్నాడు కత్తెరతో. "ఇప్పుడే. నా ఎదురుగా."

కత్తెర బ్లేడు తీసుకున్నాడు. దాన్ని తిప్పి, మొండి వైపు మేనేజరుకి చాపాడు. "నేను కొయ్యను సార్. ఒకసారి కోశాను, చాలు. కావాలంటే మీరు కోసుకోండి."

మేనేజరు బ్లేడు వంక చూశాడు, రీలు వంక చూశాడు. ఆ గోధుమ రంగు రిబ్బనులో పదకొండో నిమిషం ఎక్కడుందో ఆయనకి జన్మలో తెలియదు.

"నీకు ఉద్యోగం అక్కర్లేదా?"

"కావాలి సార్. కొత్తగా పెళ్లైంది."

"ఏమయ్యా," మేనేజరు అన్నయ్య మీదికి తిరిగాడు, "నువ్వు పెట్టావు కదా సంతకం! చెప్పు వీళ్లకి!"

అన్నయ్య ఇంకా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. ఆ సంగతి గమనించి వదిలేశాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానండీ. కొయ్యాలంటే కొయ్యండి. అప్పుడు అట్ట మీద మా నలుగురి పేర్లూ తీసెయ్యండి. ఎవరిదో పాట అనుకుంటాం."

"మూడో ఆల్బం?"

అన్నయ్య పిడుగు వంక చూశాడు. "లేకపోతే లేదు."

"అదీ!" అన్నాడు పిడుగు, ఆపుకోలేక.

కింద వ్యాను హారను కొట్టింది. ఒకసారి. కాసేపాగి రెండుసార్లు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. తడిసిన చొక్కా చూసుకున్నాడు. గదిలో ఉన్న ఐదు మొహాల్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఇవాళ పంపకపోతే పైవాళ్లు తననే అడుగుతారు. అది ఆ మొహంలో కనపడింది. కాగితాలు బల్ల మీద పడేసి, అవి చిరిగిపోయేలా కలం నొక్కి సంతకం పెట్టాడు.

"తిరిగొచ్చిన ప్రతి రికార్డూ మీ ఇళ్లకి పంపిస్తా. ఒక్కొక్కటీ మీ నెత్తిన పెట్టుకుని ఊరేగండి. నాకేం సంబంధం లేదు!"

"పంపండి," అంది టీచరమ్మ. "ఇంట్లో కుర్చీలు తక్కువగా ఉన్నాయి, పేర్చుకుని కూర్చుంటాం."

మేనేజరు వెళ్లిపోయాడు. కత్తెర రీళ్లు రెండూ డబ్బాల్లో పెట్టి, మూతలు నొక్కి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పరిగెత్తాడు. వ్యాను కదిలిన చప్పుడు మూడో అంతస్తు దాకా వినపడింది. పిడుగు మునీశ్వరుణ్ని ఎత్తి తిప్పుదామని చూశాడు. మునీశ్వరుడు ఒప్పుకోలేదు.

టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. అన్నయ్య అక్కడ నిలబడి ఉన్నాడు.

"చెల్లీ."

ఆమె ఆగింది, తిరగలేదు.

"పట్టుకున్నా కదా ఆయన చెయ్యి. చూశావు కదా."

"చూశాను. బాగా పట్టుకున్నావు."

"మరి?"

"మరి ఏంటి? శుక్రవారం రోజు నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టి, సాయంత్రం మా ఇంటికొచ్చి, మూడు చపాతీలు తిని, నా మొహం చూస్తూ పాటలు పాడి వెళ్లావు. నన్ను అడగలేదు."

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగాలి," అంది.

అన్నయ్య తల వంచుకున్నాడు. కింద కత్తెర, వ్యాను వెనకాల పరిగెత్తి వచ్చిన ఆయాసంతో, ఆమె పేరు పెట్టి అరుస్తున్నాడు. రెండు పక్కలూ ఎక్కేశాయి, ఎక్కేశాయి అని. ఆ గొంతు వింటే ఆమెకి నవ్వొచ్చింది. అన్నయ్య వైపు చూస్తే ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఇంకో వారం ఇతనితో మాట్లాడకూడదు అనుకుంది. వారం తక్కువేమో, పది రోజులు. రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ గట్టిగా తొక్కుతూ, మొగుడి దగ్గరికి దిగింది.